బొమ్మలు నేర్చే పిల్ల: నలుగురితో పని, ఒంటరి పని



ఇంటర్మీడియెట్ పరీక్షలు అయ్యాయంటే మన గుంటూరులో ఏ ఇంట్లో విన్నా ఒకటే మాట. ఇంజనీరింగా, డాక్టరీయా, కాకపోతే బి.ఎస్.సి.యా అని. ఆ మాటల మధ్య ఏ పిల్లయినా నోరు తెరిచి, "నేను బొమ్మలు వేయడం నేర్చుకుంటానమ్మా" అన్నదనుకోండి, మన జవాబు సిద్ధంగా ఉంటుంది. "వేసుకోవే, ఎవరొద్దన్నారు? చదువు చదువే, బొమ్మలు బొమ్మలే" అంటాం. అంటే ముగ్గులూ, పెళ్ళిళ్ళలో గోరింటాకు డిజైన్లూ వేసినట్టు తీరిక వేళల్లో వేసుకునే పని అని మన ఉద్దేశం. అది కూడా ఒక విద్యేననీ, దానికీ మెట్లున్నాయనీ, ఆ మెట్లు పిల్ల ఎలా ఎక్కుతుందో తల్లి తెలుసుకుంటే తప్ప కాదనడానికి గాని అవుననడానికి గాని అర్థం ఉండదనీ చెప్పడం కోసమే ఈ ప్రసంగం.

ముందు ఒక తేడా చెప్పుకుందాం. గోడకు తగిలించుకునే చిత్రం వేరు, కథకు వేసే బొమ్మ వేరు. గోడమీది చిత్రానికి అదే లోకం. కథకు వేసే బొమ్మకు పక్కన మాటలుంటాయి. మాట చెప్పినదాన్నే బొమ్మ మళ్ళీ చెబితే చదివేవాళ్ళకు విసుగు. మాట చెప్పనిది బొమ్మ చెప్పాలి. రాజుగారికి కోపం వచ్చిందని కథలో ఉంటే, ఆ కోపానికి గుమ్మం దగ్గరి దాసి చేతిలో పళ్ళెం ఎలా వణికిందో చూపేదే మంచి బొమ్మ. మన తరం వాళ్ళందరం 'చందమామ' చూసి పెరిగినవాళ్ళమే. 1947 జులైలో మద్రాసులో మొదలైన ఆ పత్రిక వెనక బి. నాగిరెడ్డిగారితో పాటు నిలిచిన చక్రపాణిగారు మన తెనాలి ఆయన. 1952 నుంచి 1980 వరకు దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావుగారూ తెనాలివారే. అక్షరాలు రాని పిల్లలు కూడా అందులో బొమ్మలు చూసి కథ చెప్పేవారంటే, ఆ వేసినవాళ్ళు ఎంత ఆలోచించి వేసి ఉంటారు!

ఈ విద్య మన నేలకు కొత్తదేం కాదు. అమరావతి స్తూపం మీది శిల్పాలు చాలావరకు ఇప్పుడు చెన్నై మ్యూజియంలోనూ, లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. చెన్నైలో ఉన్నవాటిలో నలగిరి అనే ఏనుగు కథ చెక్కిన గుండ్రని ఫలకం ఒకటుంది. ఒక పక్క మదమెక్కిన ఏనుగు వీధిలో పడి మనుషుల్ని తొక్కేస్తుంటుంది. మరో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. ఒకే చట్రంలో ఒకే ఏనుగు రెండుసార్లు! ముందు జరిగినదీ తర్వాత జరిగినదీ పక్కపక్కన పెట్టి మధ్యలోది చూసేవాళ్ళ ఊహకు వదిలారు. ఈనాడు బొమ్మల కళాశాలలో పిల్లలకు నేర్పే పాఠమూ ఇదే. కథలో ఏ క్షణాన్ని పట్టుకోవాలి, ఏ క్షణాన్ని వదిలేయాలి అని.

ఇంకొక సంగతి గమనించండి. అమరావతి రాళ్ళ మీద దానం ఇచ్చినవారి పేర్లు ఎన్నో ఉన్నాయి. వారిలో స్త్రీలూ, భిక్షుణులూ ఉన్నారు. అంతటి పని ఒక్కరి చేతి మీద అయ్యేది కాదు. ఎందరో కలిసి చెక్కారు. ఆ చెక్కినవారెవరో మాత్రం మనకు తెలియదు. నలుగురితో చేసే పనిలోని గొప్పతనమూ, కష్టమూ రెండూ అందులోనే ఉన్నాయి.

ఇక అసలు విషయానికి వద్దాం. బొమ్మల చదువులో పిల్లలకు రెండు రకాల పనులు ఇస్తారు. ఒకటి జట్టుగా చేసేది, రెండోది ఎవరికి వారు చేసేది. మన మిరప కల్లాల భాషలో చెప్పాలంటే ఒకటి ముఠా పని, ఒకటి సొంత చేను పని. ఒకటి చేస్తే చాలదా, రెండూ ఎందుకు అని మీరు అడగవచ్చు.

జట్టు పని అంటే ఇలా ఉంటుంది. నలుగురైదుగురు పిల్లలకు కలిపి పదహారు పేజీల బొమ్మల పుస్తకం తయారు చేయమంటారు. పదహారే ఎందుకంటారా? అచ్చాఫీసులో పెద్ద కాగితం మీద పేజీలన్నీ ఒకేసారి అచ్చువేసి మడతపెట్టి కోస్తారు. అందుకని పేజీల లెక్క ఎనిమిది, పదహారు, ఇరవై నాలుగు, ముప్ఫై రెండు అంటూ పోతుంది. కథ మనకు నచ్చినంత పొడుగు ఉండటానికి వీల్లేదన్నమాట. ఒకరు కథ రాస్తారు, ఒకరు మనుషుల్ని వేస్తారు, ఒకరు వెనక కనిపించే ఇళ్ళూ చెట్లూ వేస్తారు, ఒకరు రంగులు చూస్తారు, ఒకరు అక్షరాలూ పేజీ అమరికా చూసుకుంటారు.

చిక్కులు అక్కడే మొదలవుతాయి. మూడో పేజీలో పిల్ల జడ ఎడమ భుజం మీద, ఏడో పేజీలో కుడి భుజం మీద. మొదట్లో అమ్మ చీరకు ఎర్రంచు, చివరికి వచ్చేసరికి పచ్చంచు. ఒకరు వేసిన మనిషి ఇంకొకరు వేసిన గుమ్మం కంటే ఎత్తు! అందుకని పని మొదలుపెట్టేముందే ప్రతి మనిషినీ ఎదురుగా, పక్కగా, వెనకగా వేసి, ఎవరు ఎవరికంటే ఎంత ఎత్తో, ఏ బట్టకు ఏ రంగో ఒక కాగితం మీద పెట్టుకోవాలని నేర్చుకుంటారు. తెల్ల కాగితాలు మడిచి ఉత్తుత్తి పుస్తకం ఒకటి కుట్టుకుంటారు. దాన్ని డమ్మీ అంటారు. ముఖ్యమైన ముఖం సరిగ్గా పుస్తకం మధ్య మడతలో పడి కనబడకుండా పోతుందేమో అందులోనే తెలిసిపోతుంది. కంప్యూటర్ తెర మీద ధగధగలాడిన రంగు కాగితం మీద ఎందుకు చప్పబడిందో కూడా అప్పుడే తెలుస్తుంది. తెర వెలుగుతో రంగులు చూపిస్తుంది. అచ్చుయంత్రం నాలుగు సిరాలతో నెట్టుకురావాలి. మరీ మెరిసే పచ్చలూ నారింజలూ ఆ నాలుగు సిరాలకు లొంగవు.

ఇవన్నీ పనిలో మెలకువలు. వీటికంటే పెద్ద పాఠం ఇంకొకటుంది. తాను ఇష్టపడి వేసిన బొమ్మను పక్కవాళ్ళు "ఇది కథకు సరిపోలేదు" అంటే, మొహం ముడుచుకోకుండా మళ్ళీ వేయడం. తన వంతు ఆలస్యమైతే మిగతా నలుగురి పనీ ఆగిపోతుందని తెలుసుకోవడం. సోదరీమణులారా, ఇక్కడ మనం కూడా ఒకటి నేర్చుకోవాలి. పిల్ల జట్టు పనిలో ఉండగా చుట్టాలొచ్చారని, వ్రతముందని రెండు రోజులు పుస్తకం మూయించామనుకోండి, నష్టపోయేది మన పిల్ల ఒక్కతే కాదు. "ఆ అమ్మాయిని నమ్ముకోకూడదు" అని జట్టులో ఒకసారి పేరు పడితే పోగొట్టుకోవడం కష్టం.

మా ఆడపడుచు కూతురు ఒకతె ఇటువంటి చదువులో ఉంది. పేరు చెప్పను గాని, ఆ పిల్ల అనుభవం మనకు పనికొస్తుంది. మొదటి జట్టు పనిలో మగపిల్లలు కథా, మనుషులూ తీసుకుని, పేజీల చుట్టూ అంచులు ముగ్గుల్లా వేయమని ఈ పిల్లకిచ్చారట. "నీ చేతి గీత సన్నంగా వస్తుంది కదా" అని మెచ్చుకుని మరీ ఇచ్చారు. మూడు వారాలు అంచులే వేసింది. పుస్తకం బాగా వచ్చింది, అందరికీ మార్కులు వచ్చాయి. కాని ఇంటికి వచ్చి నాతో ఏమన్నదో తెలుసా? "అత్తయ్యా, పుస్తకంలో నేను ఉన్నాను, కాని నన్ను తీసేసినా కథ ఆగదు" అన్నది. పద్దెనిమిదేళ్ళ పిల్ల నోట ఆ మాట విని నాకు కడుపులో దేవినట్టయింది. వంటింట్లో మనం ఎన్నిసార్లు ఆ మాట అనుకుని పైకి అనలేదో కదా!

రెండో రకం పని అప్పుడే అక్కరకు వచ్చింది. సెలవుల్లో ఎవరికి వారు ఒక విషయం తీసుకుని ముప్ఫై రోజులు ముప్ఫై పేజీలు వేసుకు రావాలన్నారట. ఈ పిల్ల పర్చూరు వైపు వాళ్ళ అమ్మమ్మ ఊరు వెళ్ళింది. మిరపకాయ కోతలు సాగుతున్న రోజులు. కల్లం దగ్గర కూర్చుని వేస్తానంది. "ఎండలో నల్లబడిపోతుంది, వదినా, నువ్వైనా చెప్పు" అని వాళ్ళమ్మ నాకు ఫోను చేసింది. నేను వెళ్ళనివ్వమనే చెప్పాను.

మొదటి వారం వేసినవన్నీ గ్రీటింగు కార్డుల్లా ఉన్నాయి. ఎర్రటి కాయల రాశి, నీలాకాశం, కొబ్బరిచెట్టు. రాశి పక్కన మనిషి లేదు. రెండో వారానికి ఘాటుకు కళ్ళు మండి, తుమ్ములు వచ్చి, అసలు సంగతి కనబడింది. తాలు కాయలు ఏరే ఆడవాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చుంటారు. కనిపించేవి కళ్ళూ చేతులే. ఆ చేతులు ఒక్క క్షణం ఆగవు. ఆగని చేతిని వేయాలంటే మెల్లగా గీస్తే కుదరదు. నాలుగు గీతల్లో పట్టేయాలి. రోజుకు యాభై కాగితాలు చించేదిట. పెన్సిలు వదిలి నేరుగా సిరాతో వేయడం మొదలుపెట్టింది. చెరపడానికి వీల్లేకపోతే చూపు గట్టిపడుతుందని తనకు తానే కనిపెట్టింది.

ఒకనాడు కూలికి వచ్చిన ఒక పెద్దావిడ ఆ పుస్తకం లాక్కుని చూసి, "నా ముక్కుపుడక ఏదే? గుడ్డ కడితే మాత్రం నాకు పుడక లేకుండా పోయిందా?" అని అడిగిందట. ఆ ఒక్క ప్రశ్నతో పిల్ల ఎంతో నేర్చుకుంది. కళ్ళకు కనిపించింది వేయడం ఒకటి, ఆ మనిషి తనను తాను ఎలా ఎరుగునో తెలుసుకుని వేయడం ఒకటి. మర్నాటి నుంచి ముందు మాట్లాడి, పని అందుకుని కాసేపు కాయలు ఏరి, ఆ తర్వాత బొమ్మ వేసింది.

ఒంటరి పని నేర్పేది ఇది. ఏం వేయాలో ఎవరూ చెప్పరు. బాగా రాకపోతే నెట్టెయ్యడానికి పక్కన ఎవరూ ఉండరు. విసుగు వచ్చినా, పదమూడో రోజున ఏమీ తోచకపోయినా కూర్చోవాలి. అలా కూర్చున్నవాళ్ళకే తమ గీత ఏదో తెలుస్తుంది. దూరం నుంచి చూసి ఇది ఫలానావారి బొమ్మ అని మనం గుర్తుపడతామే, ఆ గుర్తు ఒంటరి పనిలో పుడుతుంది.

మళ్ళీ ఏడాది జట్టు పని వచ్చింది. ఈసారి ఈ పిల్ల ఖాళీ చేతులతో పోలేదు, ముప్ఫై పేజీలు పట్టుకుపోయింది. కల్లం కథే వేద్దామని జట్టంతా ఒప్పుకుంది. చెట్లు వేసే కుర్రాడు మిరపకాయలు ఆకాశం వైపు చూస్తున్నట్టు వేస్తే, "మా వైపు కాయ కిందికి వేలాడుతుంది" అని దిద్దింది. అతను కూడా ఊరుకోలేదు. "నువ్వు వేసిన ఆడవాళ్ళందరికీ ఒకటే మొహం, అది నీ మొహమే" అన్నాడట. కోపం వచ్చింది. అద్దం ముందు నిలబడి చూసుకుంటే నిజమే. మళ్ళీ అందర్నీ వేరు వేరుగా వేసింది. ఒంటరిగా ఉన్నన్నాళ్ళూ ఈ లోపం ఎవరూ చెప్పలేదు. జట్టులో మాత్రమే ఉండి ఉంటే దిద్దడానికి తన దగ్గర సొంత సరుకు ఉండేది కాదు. రెండూ ఎందుకో ఇప్పుడు తెలిసింది కదూ!

మన పెద్ద చిత్రకారుల జీవితాలు చూసినా ఇదే కనిపిస్తుంది. 'చందమామ' శంకర్‌గారు, అంటే కె.సి. శివశంకరన్‌గారు, 1952లో ఆ పత్రికలో చేరి దాదాపు అరవై ఏళ్ళు అక్కడే వేశారు. భుజాన శవంతో నడిచే విక్రమార్కుడు అనగానే మన కళ్ళ ముందుకు వచ్చేది ఆయన బొమ్మే. 2020లో తొంభై ఆరేళ్ళ వయసులో కన్నుమూశారు. ఆయనది సంపాదకులు, రచయితలు, తోటి చిత్రకారులు ఉన్న ఆఫీసు పని. అదే పత్రికకు ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్యగారు కశింకోటలో ఉంటూ, ఇంటి దగ్గర తన మానాన తాను వేసేవారు. ఒకే పత్రికలో ఇద్దరూ వెలిగారు. బాపుగారు చదివింది లా. బొమ్మల్లో ఆయన గీత ఆయన ఒక్కడిదే. కాని చిన్ననాటి స్నేహితుడు ముళ్ళపూడి వెంకటరమణగారి మాట పక్కన లేకపోతే మనకు బుడుగు లేడు.

రాజమండ్రిలో దామెర్ల రామారావుగారి సంగతి మరీ చెప్పుకోదగ్గది. బొంబాయి జె.జె. స్కూలులో చదివి వచ్చి, తాను ఒక్కడే వేసుకుంటూ కూర్చోలేదు. తోటివాళ్ళను కూడగట్టి చిత్రకళాశాల పెట్టారు. ఆయన భార్య సత్యవాణిగారు, చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మగారు కూడా చిత్రాలు వేశారు. నూరేళ్ళ కిందటి మాట ఇది! 1925లో ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే మశూచికంతో ఆయన పోతే, వరదా వెంకటరత్నంగారూ మిగతా స్నేహితులూ ఆ కళాశాలను ఆగనివ్వలేదు. మనిషి పోయినా నిలబడడం జట్టు పనికి ఉన్న బలం.

ఒంటరి పని బలం చూడాలంటే దుగ్గిరాల దగ్గర తుమ్మపూడి సంజీవదేవ్‌గారిని తలచుకోవాలి. కులూ లోయలో రోరిక్ మహాశయుడి దగ్గర గడిపి వచ్చిన ఆ మనిషి, పల్లెలోనే ఉండి బొమ్మలు వేశారు, వ్యాసాలు రాశారు. ఆయన కూడా పూర్తిగా ఒంటరి అనలేం. దేశమంతటా ఉన్న మిత్రులకు ఉత్తరాలు రాస్తూనే ఉండేవారు. విశాఖలో రాగతి పండరిగారు పోలియోతో కదలలేని స్థితిలో ఉండి కూడా వేల కార్టూన్లు వేశారు. 2015లో ఆవిడ పోయేనాటికి ఆవిడ సంతకం తెలియని తెలుగు పత్రిక లేదు. ఇంట్లో కూర్చుని చేసే పని చిన్నపని అని ఎవరైనా అంటే ఆవిడ పేరు చెప్పండి.

సరే, చదివించాలంటే దారి ఏమిటి? ఇంటర్మీడియెట్ తర్వాత బి.ఎఫ్.ఎ. అని నాలుగేళ్ళ కోర్సు ఉంది. మొదట అందరికీ ఉమ్మడి పాఠాలు, తర్వాత ఎవరికి కావలసిన శాఖ వారికి. కథల బొమ్మలు నేర్వాలంటే సాధారణంగా అప్లైడ్ ఆర్ట్ తీసుకుంటారు. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, కడపలో 2020లో పెట్టిన ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ప్రవేశ పరీక్షల్లో బొమ్మలు వేయించి చూస్తారు. ఈలోగా డ్రాయింగులో లోయర్, హయ్యర్ ప్రభుత్వ పరీక్షలకు కట్టించినా చెయ్యి సాగుతుంది.

డబ్బు మాట దాచిపెట్టడం మంచిది కాదు. ఇది ఒకటో తారీకున ఖాయంగా జీతం వచ్చే పని కాకపోవచ్చు. మొదటి ఏళ్ళు సన్నగానే ఉంటాయి. అయితే పుస్తకాలు, ప్రకటనలు, యానిమేషను, బట్టల డిజైన్లు, పాఠాలు చెప్పడం అని దారులు చాలా ఉన్నాయి. మన మంగళగిరి, చీరాల నేతకు కొత్త డిజైన్లు ఎప్పుడూ కావలసిందే. ప్రథమ్, తూలిక, మంచి పుస్తకం వంటి సంస్థలు తెలుగులో పిల్లల బొమ్మల పుస్తకాలు తెస్తున్నాయి. తానావారూ, మంచి పుస్తకంవారూ కలిసి బొమ్మల కథలకు పోటీలు కూడా పెట్టారు. ఇక పిల్లకు వేరే ఆధారం ఉండాలని మీరు అనుకుంటే అదీ తప్పు కాదు. కాని ఆ ఆధారం కోసం ఈ విద్యను మానిపించవలసిన పని లేదు.

చివరగా తల్లులు చేయగలిగిన నాలుగు పనులు చెప్తాను.

మొదటిది, కిటికీ దగ్గర ఒక బల్ల, రోజుకు ఒక గంట పిలవకుండా ఉండటం. ఖరీదైన సామాను అక్కర్లేదు. ఒక 2బి, ఒక 4బి పెన్సిలు, ఒక సిరా సీసా, తెల్ల కాగితాల కట్ట చాలు.

రెండోది, బొమ్మ చూపిస్తే "బాగుందమ్మా" అని తిప్పి ఇచ్చేయకండి. "ఇందులో ఏం జరుగుతోంది? ఈవిడ ఎందుకు అటు చూస్తోంది?" అని అడగండి. మనకు చిత్రకళ తెలియనక్కర్లేదు. కథ తెలిస్తే చాలు, అది మనకు బాగానే తెలుసు.

మూడోది, జట్టు పని చేసి వస్తే "నీ వంతు ఏమిటి?" అని అడగండి. ఎప్పుడూ అంచులూ, రంగులు నింపడమూ, టీలు తేవడమే అయితే, ఈసారి కథ నేను చెప్తాను, మనుషుల్ని నేను వేస్తాను అని అడగడం నేర్పండి. పుస్తకం మీద ఎవరు ఏం చేశారో పేర్లతో సహా వేయించుకోమనండి. రేపు పని అడగబోయినప్పుడు చూపించవలసింది అదే.

నాలుగోది, డబ్బిచ్చి ఎవరైనా బొమ్మ వేయించుకుంటే, హక్కు ఎవరిదో ముందుగా కాగితం మీద రాసుకోమనండి. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. ఒప్పందమేదీ లేకపోతే, డబ్బిచ్చి వేయించుకున్నవారికే హక్కు పోయే సందర్భాలు అందులో ఉన్నాయి. అడగకుండా పిల్ల బొమ్మలు చుట్టాలకు పంచిపెట్టడం మనం కూడా మానాలి.

ఈ ఆదివారం ఇంట్లో పిల్ల వేసిన బొమ్మలు పాత పుస్తకాల మధ్య ఎక్కడెక్కడ ఉన్నాయో వెదికి తీయండి. ఒక్కొక్కదాని వెనక తేదీ, పక్కన సంతకం పిల్ల చేతనే పెట్టించి, అన్నీ ఒక అట్టల సంచీలో పెట్టి ఇవ్వండి. వరసగా చూస్తే మనకే తెలుస్తుంది, చెయ్యి ఎంత సాగిందో, ఇంకా ఎంత సాగాలో. ఆపైన ఏం చదివించాలా అన్న మాట తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోవచ్చు.